బెరిల్ వెంట



2024 జూన్ 29 రాత్రి మీలో చాలామంది నిద్రపోయి ఉండరు. బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్‌లో దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి మన జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచిన రాత్రి అది. కప్పు గెలిచారు సరే, ఇంటికి రావడానికే నాలుగైదు రోజులు పట్టింది. విమానాశ్రయం మూసేశారు, ఆటగాళ్లు హోటల్లోనే ఉండిపోయారు, సముద్రంలో పెద్ద తుఫాను ఉంది అని వార్తలు. హైదరాబాద్‌లో సిరాజ్ రాక కోసం కాచుకున్న కుర్రాళ్లకి ఆ తుఫాను పేరు కంఠతా వచ్చేసింది. బెరిల్.

జులై 4 ఉదయం జట్టు ఢిల్లీలో దిగింది. ఊరేగింపులూ పూలదండలూ మొదలయ్యాక బెరిల్ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టలేదు. అదింకా కరీబియన్ సముద్రం మీదే ఉంది. మరో నాలుగు రోజులకి, జులై 8 తెల్లవారుజామున, టెక్సాస్‌లో మాటగోర్డా అనే చిన్న ఊరి దగ్గర తీరం దాటి హ్యూస్టన్ మీదుగా పోయింది. ఈ ప్రసంగం వింటున్న ఇళ్లల్లో కొన్నిటి పిల్లలు ఆ హ్యూస్టన్‌లోనే ఉంటారు. అందుకే ఇవాళ బెరిల్ వెంట కాస్త దూరం నడుద్దాం. పుట్టిన చోటు నుంచి తీరం దాటిన చోటు దాకా ఇలాంటి తుఫానుని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, దేనితో చూస్తారు, చూసింది జనానికి ఎలా చెబుతారు, జనం దాన్ని ఎలా పొరపాటుగా అర్థం చేసుకుంటారు, ఇదీ విషయం.

మనకి తుఫానులంటే రెండు కాలాలు. వేసవి చివర ఒకటి, వానాకాలం వెళ్లిపోయాక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మరొకటి. మధ్యలో నైరుతి రుతుపవనాలు గట్టిగా వీచే నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు వస్తూనే ఉంటాయి గాని అవి పెద్ద తుఫానులు కావడం అరుదు. కింద గాలి పడమటి నుంచి, పైన గాలి తూర్పు నుంచి వీస్తుంటే మేఘాల నిలువు స్తంభం నిలబడదు, పక్కకి ఒరిగిపోతుంది. అట్లాంటిక్‌లో ఆ అడ్డు లేదు. అక్కడ హరికేన్ల, అంటే బాగా బలపడ్డ తుఫానుల, కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకూ ఏకధాటిగా నడుస్తుంది. అసలు జోరు ఆగస్టు నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా, శిఖరం సెప్టెంబర్ 10 ప్రాంతాల్లో. జూన్ నెలాఖరంటే ఇంకా నాంది కిందే లెక్క. బెరిల్ ఆ లెక్కని పట్టించుకోలేదు.

అది బయల్దేరింది ఆఫ్రికాలో. సహారా ఎడారికి దక్షిణంగా, వేసవిలో ఎడారి వేడికీ గినియా తీరపు చల్లదనానికీ మధ్య, తూర్పు నుంచి పడమటికి ఒక గాలి ప్రవాహం ఏర్పడుతుంది. ఆ ప్రవాహంలో మూడు నాలుగు రోజులకొకటి చొప్పున వంపులు పుడుతుంటాయి. వాటి వెంట ఉరుములూ వానలూ. సెనెగల్ తీరం దాటి ఏటా ఇలాంటివి దాదాపు 60 సముద్రంలోకి దిగుతాయి. ఎక్కువ భాగం ఏమీ కాకుండానే సమసిపోతాయి. ఎడారి నుంచి వచ్చే పొడిగాలి, ధూళి కొన్నిటిని చంపేస్తాయి. పైన గాలి దిశ మారి కొన్ని చెదిరిపోతాయి. సముద్రం చల్లగా ఉండి కొన్ని చల్లారిపోతాయి. కాని అట్లాంటిక్‌లో పెద్ద హరికేన్లు అనిపించుకున్న వాటిలో నూటికి ఎనభైకి పైగా ఈ ఆఫ్రికా సంతానమే. సముద్రపు నీరు 26.5 డిగ్రీలైనా ఉండాలి, ఆ వెచ్చదనం పైపొరలోనే కాకుండా లోతుకీ ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, భూమధ్యరేఖకి మరీ దగ్గరగా ఉండకూడదు. ఇన్నీ కుదిరితే అప్పుడు తిరగడం మొదలుపెడుతుంది.

కుదిరిందా లేదా అని చూస్తూ కూర్చునేవాళ్లు మయామీలో ఉంటారు. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం. సీజన్లో రోజుకి నాలుగుసార్లు వాళ్లు సముద్రం మొత్తం మీద ఒక చూపు వేసి ఒక పటం విడుదల చేస్తారు. రాబోయే 7 రోజుల్లో ఎక్కడ వాయుగుండం పుట్టే అవకాశం ఎంత అన్నది అందులో రంగుల్లో ఉంటుంది. 40 శాతం లోపైతే పసుపు, 60 శాతం దాకా నారింజ, ఆపైన ఎరుపు. కరీబియన్ దీవుల్లో పడవల వాళ్లు, హోటళ్ల వాళ్లు, అరటి తోటల వాళ్లు ఆరు నెలలపాటు ఆ రంగులు చూసుకుంటూనే పనులు పెట్టుకుంటారు. ఇలా పుట్టీ పుట్టని వాటికి పేరుండదు. 90 నుంచి 99 దాకా అంకెలు ఇచ్చి, మళ్లీ మొదటికొస్తారు. గాలి గంటకి 63 కిలోమీటర్లు అందుకున్నాకే పేరు. పేర్ల జాబితాలు ఆరు, ఏడాదికొకటి చొప్పున తిరుగుతుంటాయి. మరీ ఘోరం చేసినవాటి పేర్లు తీసేస్తారు. బెరిల్ పేరు కూడా 2025లో తీసేశారు. ఆ జాబితా మళ్లీ వంతుకొచ్చే 2030లో ఆ చోట బ్రియానా ఉంటుంది.

జూన్ 28న వాయుగుండం. ఆ రాత్రే తుఫాను, పేరు బెరిల్. 29న, అంటే ఫైనల్ జరిగిన రోజే, హరికేన్. 30న, 1 నుంచి 5 దాకా ఉండే తరగతుల్లో, 4వ తరగతి హరికేన్. వాయుగుండం నుంచి పెద్ద హరికేన్ కావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. జూన్ నెలలో 4వ తరగతికి చేరిన హరికేన్ అట్లాంటిక్ రికార్డుల్లో అంతకు ముందు ఒక్కటీ లేదు. జులై 2కల్లా అది 5వ తరగతి అయింది, గాలి గంటకి దాదాపు 265 కిలోమీటర్లు. ఏడాదిలో అంత ముందుగా 5వ తరగతికి చేరడం కూడా అదే మొదలు. సెప్టెంబర్‌లో ఉండాల్సిన వెచ్చదనం ఆ ఏడు జూన్‌లోనే సముద్రానికి వచ్చేసింది. కారణం చెప్పమంటే మొదట చెప్పాల్సింది అది.

ఇప్పుడొక ప్రశ్న. చుట్టూ వందల మైళ్ల దాకా మనిషి లేని సముద్రం మధ్య గాలి గంటకి 265 కిలోమీటర్లు వీస్తోందని ఎలా తెలిసింది?

ఉపగ్రహం నుంచి చూసి అంచనా కట్టవచ్చు. వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లలో ఒక పద్ధతి కనిపెట్టాడు. మేఘాలు ఎంత గుండ్రంగా చుట్టుకున్నాయి, నడిమధ్య ఉండే కన్ను తేటగా ఉందా, కన్ను చుట్టూ మేఘాల పైకప్పు ఎంత చల్లగా ఉంది, వీటిని బట్టి ఒక అంకె వేస్తారు. ఆ అంకె నుంచి గాలివేగం. మన వాతావరణ శాఖ బంగాళాఖాతంలో తుఫాను బలం చెప్పేటప్పుడు కూడా ముఖ్యంగా ఆధారపడేది ఈ పద్ధతి మీదే. అయితే ఎంత చెప్పినా అది బయటి నుంచి చూసి వేసే అంచనా. అట్లాంటిక్‌లో ఇంకో పని చేస్తారు. లోపలికి వెళ్లి చూస్తారు.

దీని వెనకాల కథ 1943 నాటిది. రెండో ప్రపంచయుద్ధం. జర్మన్ జలాంతర్గాములు మెక్సికో గల్ఫ్‌లో ఓడల కోసం పొంచి ఉన్నాయి కాబట్టి ఓడలు వైర్‌లెస్‌లో మాట్లాడకూడదని ఆంక్ష. ఓడలు మాట్లాడకపోతే తుఫాను కబురూ రాదు. ఆ జులై 27న టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ దగ్గరికి ఒక హరికేన్ వచ్చేసింది. టెక్సాస్‌లోనే బ్రయన్ ఫీల్డ్ అనే వైమానిక శిక్షణ కేంద్రంలో జోసెఫ్ డక్‌వర్త్ అనే కర్నల్ ఉండేవాడు. పైలట్లకి మేఘాల్లో, చీకట్లో పరికరాలు చూసి విమానం నడపడం నేర్పడం ఆయన పని. మీ శిక్షణ విమానాలు గట్టిగా గాలి వీస్తే ఆగవని అక్కడ శిక్షణకొచ్చిన బ్రిటిష్ పైలట్లు ఎగతాళి చేశారనీ, దాంతో పందెం పడిందనీ చెబుతారు. ఒకే ఇంజను ఉన్న చిన్న విమానంలో రాల్ఫ్ ఓహేర్ అనే నావిగేటర్‌ని వెంటబెట్టుకుని తిన్నగా హరికేన్ కంట్లోకి వెళ్లి, తిరిగొచ్చాడు. దిగీ దిగ్గానే అక్కడి వాతావరణ అధికారి నన్నూ తీసుకెళ్లమన్నాడు. మళ్లీ ఎక్కించుకుని మళ్లీ వెళ్లాడు! పై అధికారుల అనుమతి లేదు. ఉద్యోగం పోవాల్సిన పని. దానికి పతకం వచ్చింది.

ఇవాళ అది రోజువారీ డ్యూటీ. మిసిసిపీలోని బిలాక్సీ దగ్గర కీస్లర్ స్థావరంలో 53వ వాతావరణ నిఘా స్క్వాడ్రన్ ఉంది. నాలుగు ఇంజన్ల పెద్ద విమానాల్లో దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తున హరికేన్‌ని ఆ చివర నుంచి ఈ చివరికి కోస్తారు, తిరిగి అడ్డంగా మరోసారి కోస్తారు. అమెరికా సముద్ర వాతావరణ సంస్థకి వేరే విమానాలున్నాయి. 1970ల నుంచి ఎగురుతున్న వాటిలో రెండిటికి పేర్లు కెర్మిట్, మిస్ పిగ్గీ, పిల్లల టీవీ కార్యక్రమంలో బొమ్మల పేర్లు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లేవాళ్లకి ఆమాత్రం సరదా ఉండాలేమో.

విమానంలో నుంచి కిందికి గొట్టాలు జారవిడుస్తారు. అడుగుకి పైచిలుకు పొడవు, చిన్న పారాచూట్. ఒక్కో గొట్టం నాలుగైదు నిమిషాల్లో సముద్రంలో పడేలోగా గాలి పీడనం, వేడి, తేమ, గాలి దిశ, వేగం సెకనుకి రెండుమూడుసార్లు పైకి పంపుతూనే ఉంటుంది. నీళ్లలో పడ్డాక దాని పని అయిపోయినట్టే. హరికేన్ కేంద్రంలో పీడనం ఇంత అని మీరు వార్తల్లో వినే అంకె చాలాసార్లు అలా మునిగిపోయిన ఒక గొట్టం చివరగా చెప్పిన మాట. బంగాళాఖాతంలో ఇలా క్రమం తప్పకుండా విమానాలు పంపే ఏర్పాటు లేదు. మనకి ఇన్సాట్ ఉపగ్రహాలు, సముద్రంలో బోయలు, తుఫాను దగ్గరికొచ్చాక విశాఖ, మచిలీపట్నం రాడార్లు. ఉన్నవాటితోనే మనవాళ్లు తీరం దాటే చోటుని బాగానే చెబుతున్నారు. బలం ఎంత అన్న దగ్గర మాత్రం లోపలి కొలత లేని లోటు లోటే.

జులై 1న బెరిల్ గ్రెనడా దేశపు చిన్న దీవి కారియాకూ మీద తీరం దాటింది. అరగంటలో దీవి నేలమట్టమైందని ఆ దేశ ప్రధాని చెప్పారు. బార్బడోస్‌కి దక్షిణంగా పోయింది కాబట్టి మన జట్టు ఉన్న ఊరు గండం గడిచి బయటపడింది.

ఈ దీవుల సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత అన్యాయం చెప్పాలి. తుఫానుల్ని వెంటాడటం అమెరికావాళ్లు మొదలుపెట్టిన విద్య అనుకుంటాం, కాదు. క్యూబా రాజధాని హవానాలో బెలెన్ అనే జెస్యూట్ కళాశాలకి ఒక పరిశోధనశాల ఉండేది. 1870 నుంచి దాన్ని నడిపినాయన బెనీతో వీన్యెస్ అనే ఫాదరీ. ఉపగ్రహం లేదు, రాడార్ లేదు. బారోమీటర్, దీవుల నుంచి టెలిగ్రాములు, ఓడల కబుర్లు, రెండు కళ్లు. ఆకాశంలో అందరికంటే పైన పల్చగా సాగే మేఘాలు ఏ బిందువు నుంచి విప్పుకుంటున్నాయో గమనిస్తే తుఫాను ఎటుందో, ఎటు కదులుతోందో తెలుస్తుందని ఆయన పట్టుకున్నాడు. 1875 సెప్టెంబర్ 11న ఆయన హెచ్చరిక హవానా పత్రికలో వచ్చింది. రెండు రోజుల తర్వాత తుఫాను వచ్చింది. 1893లో ఆయన పోయాక శిష్యులు ఆ పని కొనసాగించారు.

1898 యుద్ధం తర్వాత క్యూబా అమెరికా చేతికి వచ్చింది. వాషింగ్టన్‌లోని వాతావరణ శాఖ పెద్దలకి ఈ ఫాదరీల లెక్కలు నచ్చలేదు. జనాన్ని ఊరికే భయపెడుతున్నారన్నారు. 1900లో, సరిగ్గా తుఫానుల కాలంలో, క్యూబా నుంచి వాతావరణ టెలిగ్రాములు పోకుండా ఆపించారు. ఆ సెప్టెంబర్ మొదట్లో ఒక తుఫాను క్యూబా మీదుగా గల్ఫ్‌లోకి దిగింది. అది టెక్సాస్ వైపు పోతుందని హవానా వాళ్లు అనుకున్నారు. కాదు, ఫ్లోరిడా మీదుగా ఉత్తరానికి వంగుతుందని వాషింగ్టన్ ప్రకటించింది. సెప్టెంబర్ 8న గాల్వెస్టన్ మీద పడింది. ఊరంతటిలో ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 3 మీటర్లు కూడా లేదు. ఉప్పెన నాలుగున్నర మీటర్లు వచ్చింది. 8 వేల మంది చనిపోయారన్నది సాధారణంగా చెప్పే లెక్క, 12 వేల దాకా ఉండవచ్చని కూడా అంటారు. అమెరికా చరిత్రలో అంతమందిని చంపిన ప్రకృతి వైపరీత్యం మరొకటి లేదు. పరికరాల కొరత అనడానికి లేదు. చూసినవాడు ఉన్నాడు, వాడి మాట రానివ్వలేదు. అంతే.

మళ్లీ బెరిల్ దగ్గరికి వద్దాం. హరికేన్ తనంతట తాను ఎటో పోదు. గోదావరిలో పడ్డ కొబ్బరికాయ వరద ఎటు తీసుకెళ్తే అటు పోయినట్టు, చుట్టూ ఉన్న పెద్ద గాలుల ప్రవాహం తోసిన వైపు పోతుంది. అట్లాంటిక్ ఉత్తరభాగంలో వేసవిలో ఒక పెద్ద అధికపీడనం తిష్ట వేసుకుని ఉంటుంది. దాని దక్షిణపు అంచున హరికేన్లు పడమటికి సాగుతాయి. ఆ అధికపీడనంలో ఎక్కడైనా సందు దొరికితే ఉత్తరానికి వంగుతాయి. సందు ఎక్కడ, ఎప్పుడు అన్నదే లెక్కంతా. అందుకే ఎక్కడో కెనడా మీద గాలులు మారితే ఇక్కడ గల్ఫ్‌లో తుఫాను దారి మారుతుంది. 2012లో శాండీ అలాగే చేసింది. సముద్రంలోకి వెళ్లిపోతుందనుకున్నది ఎడమకి మళ్లి న్యూజెర్సీ మీదికొచ్చింది. యూరప్ వాళ్ల కంప్యూటర్ నమూనా ఆ మలుపుని వారం రోజుల ముందే చూపించింది, అమెరికా నమూనా ఆలస్యంగా పట్టుకుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు కరెంటు లేని ఆ చలి రాత్రులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇన్నేళ్లలో దారి చెప్పడం బాగా మెరుగైంది. 1990 ప్రాంతాల్లో మూడు రోజుల ముందు చెప్పిన చోటు సగటున 500 కిలోమీటర్ల దాకా తప్పేది. ఇప్పుడది 200 లోపుకి వచ్చింది. బలం చెప్పడం అంతగా మెరుగుపడలేదు. 2023 అక్టోబర్‌లో మెక్సికో పసిఫిక్ తీరాన ఓటిస్ అనే తుఫాను ముందురోజు తెల్లవారుజామున మామూలు తుఫాను. రాత్రి తీరం చేరేసరికి 5వ తరగతి హరికేన్. అకపుల్కో నగరం నిద్రపోవడానికి సిద్ధమవుతుండగా హెచ్చరికలు మారిపోయాయి. అలాంటిది ఏ నమూనా ముందుగా చూపలేదు.

బెరిల్ జులై 3న జమైకా దక్షిణ తీరాన్ని ఒరుసుకుంటూ పోయి, 5న మెక్సికోలో టులుమ్ దగ్గర నేల మీదికెక్కి, బలం తగ్గి, గల్ఫ్‌లోకి దిగింది. అప్పటికి పటంలో దాని దారి మెక్సికో, టెక్సాస్ సరిహద్దు వైపు చూపిస్తోంది. హ్యూస్టన్ శివార్లలో కేటీలో మా మేనల్లుడు ఉంటాడు. ఫోన్ చేస్తే, “లైను మెక్సికో వైపు ఉంది మావయ్యా, మాకేం లేదు” అన్నాడు. రెండు రోజుల్లో ఆ లైను తీరం వెంబడే పైకి జరుగుతూ మాటగోర్డా చేరింది.

మావాడిని తప్పుపట్టలేను. ఆ పటం గీసిన తీరే అలాంటిది. మీరూ చూసే ఉంటారు: తుఫాను ఉన్నచోట సన్నగా మొదలై ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే తెల్లటి గరాటు, మధ్యలో గీత. దాన్ని కోన్ అంటారు. చాలామంది ఆ గరాటు తుఫాను సైజు అనుకుంటారు. గరాటు బయట ఉన్నవాళ్లు క్షేమం అనుకుంటారు. రెండూ తప్పే. అది తుఫాను కేంద్రం ఎక్కడుండవచ్చు అన్నదాని గురించి మాత్రమే. గత ఐదేళ్లలో మయామీ వాళ్ల అంచనాలు ఎంతెంత తప్పాయో లెక్కవేసి, మూడింట రెండు వంతులు లోపల పడేలా ఒక్కో రోజుకి ఒక్కో వృత్తం గీసి, అన్నిటినీ కలుపుతారు. అంటే మూడోవంతు సార్లు కేంద్రమే ఆ వృత్తం బయట ఉంటుందని ముందే ఒప్పుకుని గీసిన బొమ్మ అది. ఐదో రోజుకి ఆ వృత్తం ఒక్కోవైపు 350 కిలోమీటర్లకి పైగానే ఉంటుంది. తుఫాను చిన్నదైనా పెద్దదైనా గరాటు అంతే ఉంటుంది. గాలి, వాన, ఉప్పెన ఎంత దూరం వస్తాయన్నది అందులో లేనే లేదు.

2004 ఆగస్టు 13న చార్లీ అనే హరికేన్ ఫ్లోరిడాకి వస్తుంటే గీత టాంపా మీద ఉంది. తీరం దాటడానికి కొన్ని గంటల ముందు కుడికి మళ్లి, బలం పెంచుకుని, వంద కిలోమీటర్లకి పైగా దక్షిణాన పుంటా గోర్డా మీద పడింది. పుంటా గోర్డా ఆ గరాటులోనే ఉంది. అయినా అక్కడి జనం మా మీదికి రాదనుకున్నారు, గీత టాంపా మీద ఉంది కదా! 18 ఏళ్లకి, 2022 సెప్టెంబర్‌లో, ఇయన్ కూడా దాదాపు అదే పని చేసింది. మూడు రోజుల ముందు టాంపా వైపూ ఇంకా ఉత్తరానికీ చూపించిన గీత, చివరికి ఫోర్ట్ మైయర్స్ పక్కన తేలింది. ఉప్పెనలో చాలామంది పోయారు. నన్నడిగితే ఆ మధ్య గీతని పటంలోంచి తీసేయాలి. అంకెలు కావాల్సిన అధికారులకి అంకెలు ఎలాగూ వెళ్తాయి. ఇంట్లో కూర్చుని చూసేవాడి కన్ను మాత్రం గీత కనబడితే గీత మీదికే పోతుంది.

గీతకి తోడు తరగతి. 1 నుంచి 5 దాకా ఉండే ఆ తరగతులు కేవలం గాలివేగానికి వేసిన మార్కులు. మనుషుల్ని చంపేది ముఖ్యంగా నీరు. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో హరికేన్ల వల్ల నేరుగా పోయినవాళ్ల లెక్కలు తీస్తే నూటికి దాదాపు 90 మంది నీటివల్లే పోయారు, మొత్తంలో సగం ఉప్పెన, నాలుగోవంతు వానల వరద. దివిసీమవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న వాళ్లని పొట్టనబెట్టుకున్నది ఉప్పెనే. 2017లో హార్వీ హ్యూస్టన్ ప్రాంతంలో తిష్ట వేసి కదలకుండా కురిసింది. తీరం దాటేటప్పటి గాలి అప్పటికి తగ్గిపోయింది, తుఫాను అన్న పేరే మిగిలింది. టెక్సాస్‌లోని నీడర్‌లాండ్‌లో మొత్తం 1,500 మిల్లీమీటర్లకి పైగా వాన నమోదైంది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో 200 మంది మన విద్యార్థులు మెడలోతు నీళ్ల మధ్య చిక్కుకున్నారని నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించారు. 2024లో హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటి, అక్కడికి 600 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య ఉన్న యాష్‌విల్ ఊరిని ముంచేసింది. అమెరికా దేశపు వాతావరణ రికార్డులన్నీ భద్రపరిచే కేంద్రం ఉన్నది ఆ ఊళ్లోనే. కొన్నాళ్లపాటు ఆ రికార్డులే అందకుండా పోయాయి.

బెరిల్ హ్యూస్టన్ చేరేసరికి 1వ తరగతి. అన్నిటికంటే చిన్న తరగతి. 20 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. చెట్లు తీగల మీద పడ్డాయి. జులై ఎండ, ఏసీ లేదు, చాలా ఇళ్లకి వారం దాటినా కరెంటు రాలేదు. తుఫాను వెళ్లిపోయాక ఉక్కకి చనిపోయినవాళ్లు ఉన్నారు. మా మేనల్లుడు కుటుంబం కారులో ఏసీ వేసుకుని పిల్లల్ని నిద్రపుచ్చిందట. దీన్ని ఏ తరగతిలో వేస్తాం?

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి చెప్పకపోతే బాగుండదు. తుఫానుని చూసే కంటినే తుఫాను పీకేసిన సందర్భాలు ఎన్నో. 1992లో ఆండ్రూ హరికేన్ కేంద్రం భవనం పైనున్న రాడార్‌నే ఊడగొట్టింది, అప్పుడా కేంద్రం కోరల్ గేబుల్స్‌లో ఉండేది. 2017లో మరియా పోర్టోరికో రాడార్‌ని తునాతునకలు చేసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ రాడార్‌ని దెబ్బతీసింది. సెల్ టవర్ల గతి మీకు తెలుసు. అలాంటప్పుడు మిగిలేది ఔత్సాహికులు నడిపే హామ్ రేడియో. 1965లో బెట్సీ హరికేన్ సమయంలో మొదలైన హరికేన్ వాచ్ నెట్ ఇప్పటికీ 14.325 మెగాహెర్ట్‌జ్ మీద నడుస్తోంది. దీవిలో ఎవరో ఒక ఔత్సాహికుడు తన బారోమీటర్ చూసి, కిటికీలోంచి గాలి చూసి, బ్యాటరీ మీద నడిచే సెట్లో చెబుతాడు. మయామీ కేంద్రంలోనే ఒక హామ్ స్టేషన్ ఉంది, స్వచ్ఛంద సేవకులు అది విని అంచనా వేసేవాళ్ల బల్ల మీద చీటీ పెడతారు. ఉపగ్రహం చెప్పలేని అంకె ఒక్కోసారి ఆ చీటీలో ఉంటుంది.

ఇంటర్నెట్ రాకముందు అమెరికా తీరప్రాంతాల్లో సీజన్ మొదలయ్యేసరికి కిరాణా దుకాణాల్లో గళ్ల పటాలు ఊరికే ఇచ్చేవారు. రేడియోలో అక్షాంశం, రేఖాంశం చదువుతారు, ఇంట్లో పెన్సిలుతో చుక్క పెడతారు, ఆరు గంటల తర్వాత ఇంకో చుక్క. ఆ పటంలో రేపటి గీత లేదు. నిన్నటి చుక్కలే ఉన్నాయి. చుక్కలు దగ్గరదగ్గరగా పడుతున్నాయంటే తుఫాను నెమ్మదించిందని, వాన ఎక్కువ కురుస్తుందని పిల్లలకి కూడా తెలిసేది.

రెండు సముద్రాల్లోనూ ఒకేసారి తుఫాను ఉన్న రాత్రి ఒకటుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి, మన గడియారం ప్రకారం పదిన్నరకి, మెలిస్సా అనే 5వ తరగతి హరికేన్ జమైకాలో తీరం దాటింది. ఆ తర్వాత కొద్దిసేపటికే మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మెలిస్సా గాలి గంటకి దాదాపు 295 కిలోమీటర్లు, మొంథాది 100 లోపు. రెండిటికీ పోలిక లేదనుకోండి. పైగా కొలతలోనే తేడా ఉంది. అమెరికావాళ్లు ఒక నిమిషం పాటు వీచిన గాలి సగటు చెబుతారు, మనవాళ్లు మూడు నిమిషాల సగటు చెబుతారు. కాబట్టి అక్కడి అంకెనీ ఇక్కడి అంకెనీ పక్కపక్కన పెట్టేటప్పుడు అక్కడిదాన్ని కొంచెం తగ్గించి చూడాలి. కాని ఆ రాత్రి గుంటూరులో కూర్చుని ఫ్లోరిడాలో ఉన్న కూతురికి ఫోన్ చేసినవాళ్లు, ఫ్లోరిడాలో కూర్చుని అంతర్వేదిలో ఉన్న తల్లికి ఫోన్ చేసినవాళ్లు, ఇద్దరూ ఉన్నారు. ఆందోళనకి ఆ తేడా లేదు.

అక్కడ పిల్లలున్నవాళ్లకి ఒక సంగతి. మయామీ నుంచి తుఫాను బులెటిన్లు వేసవి గడియారం ప్రకారం తెల్లవారి 5, పగలు 11, సాయంత్రం 5, రాత్రి 11కి వస్తాయి. మన వేళల్లో అవి మధ్యాహ్నం రెండున్నర, రాత్రి ఎనిమిదిన్నర, తెల్లవారుజామున రెండున్నర, ఉదయం ఎనిమిదిన్నర. తెల్లవారుజాముది వదిలేసినా ఉదయం, రాత్రి రెండూ మనకి అనువైన వేళలే. అప్పుడు చూసి ఫోన్ చేయండి. చేసినప్పుడు, “గీత మీ ఊరి మీద ఉందా” అని అడగకండి. “మీ ఇల్లు ఏ ఖాళీచేయించే జోన్లో ఉంది” అని అడగండి. ఫ్లోరిడాలో ఆ జోన్లకి ఎ, బి, సి అని అక్షరాలు ఉంటాయి. హ్యూస్టన్, గాల్వెస్టన్ తీరప్రాంతంలో పిన్‌కోడ్‌లని బట్టి విడదీసి పెట్టారు. ఆ జోన్లు గాలికి కాదు, నీటికి వేసినవి. ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లకి కూడా తమ అక్షరం తెలియకపోవచ్చు. మా మేనల్లుడికి తెలియదు. బెరిల్ వెళ్లిన నెలకి కనుక్కుని చెప్పాడు, వాళ్లిల్లు ఏ జోన్లోనూ లేదు, తీరానికి దూరం కాబట్టి. అయితే ఇంటి వెనక కాలువ హార్వీ అప్పుడు పొంగిందని పక్కింటివాళ్లు చెప్పారట. ఇప్పుడు వాన పడితే ముందు ఆ కాలువ చూసొస్తాడు.